12 ఏళ్ల అనుభవం దేశాలకూ చెల్లుతుందా?

ప్రశ్న అనంతపురం నుంచి. గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లోడు అడిగినాడు: "మా ఊర్లో ఒకాయన పక్కవాళ్ల చేను 12 ఏండ్లకు పైగా దున్నుకొని, కోర్టుకు పోయి తనదే అనిపించుకున్నాడు సార్. దేశాలకు కూడా ఇట్లనే ఉంటుందా? ఒక దేశం పక్క దేశం భూమిని పట్టుకొని ఏండ్ల తరబడి కూర్చుంటే అది వాళ్లదైపోతుందా? అసలు ఏ నేల ఏ దేశానిదో దేన్ని చూసి తేలుస్తారు?" చివర్లో ఓబుళాపురం హద్దు గురించి కూడా ఒక మాట అడిగినాడు.

నేను కర్నూలు కోర్టుల్లో ముప్పై ఏండ్లకు పైగా సివిల్ కేసులు చూసినోణ్ణి. అందులో సగం గెనిమ (పొలం గట్టు) తగాదాలే. నడుమ కొన్నేండ్లు లా చదివే పిల్లలకు సాయంత్రం పూట అంతర్జాతీయ న్యాయం పాఠం చెప్పినా. కాబట్టి నీ ప్రశ్న నాకు రెండు పక్కలా తెలిసిన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకో.

ముందు మీ ఊరాయన సంగతి. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ప్రైవేటు భూమికి 12 ఏండ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏండ్లు అని ఉన్న మాట నిజమే. అయితే ఏండ్లు లెక్కపెట్టుకున్నంత మాత్రాన భూమి రాదు. దాపరికం లేకుండా, అసలు ఓనరుకు ఎదురుగా, "ఇది నాది" అన్న తీరులో అనుభవించి ఉండాల. నా తొలినాళ్ల కేసొకటి చెప్తా. మా కక్షిదారు 19 ఏండ్లు చేను చేసుకున్నాడు, సాక్షులందరూ బాగా చెప్పినారు. క్రాస్‌లో అవతలి వకీలు మెల్లగా "మొదట్లో వాళ్లకేమైనా ఇస్తా ఉంటివా పెద్దాయనా?" అన్నాడు. మావాడు అమాయకంగా "రెండేండ్లు గుత్త (కౌలు) ఇచ్చినా సామీ" అనేసినాడు. అంతే, కేసు అక్కడే పోయింది. గుత్తకు దిగినోడు ఎన్నేండ్లు దున్నినా అది ఓనరు దయతో దున్నినట్టే. ఈ గుత్త మాట గుర్తుపెట్టుకో, మళ్లా దాని దగ్గరికే వస్తాం.

దేశాల మధ్య 12 ఏండ్లు, 30 ఏండ్లు అనే లెక్క లేదు. లిమిటేషన్ చట్టం లాంటిది అక్కడ ఎవరూ రాయలేదు. ఒక్కసారి మాత్రం రెండు దేశాలు తమంతట తాము గడువు పెట్టుకున్నాయి. వెనిజులాకు, బ్రిటిష్ గయానాకు మధ్య హద్దు తేల్చడానికి 1897లో బ్రిటన్, వెనిజులా ఒప్పందం చేసుకొని, 50 ఏండ్లు ఎదురుగా అనుభవిస్తే హక్కు వచ్చినట్టే అని మధ్యవర్తులకు రాసిచ్చినాయి. 1899లో తీర్పు వచ్చింది. తగాదా తీరిందా అంటే, అదే హద్దు మీద గయానా 2018లో మళ్లా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పోయింది!

గడువు లేకపోతే దేన్ని చూస్తారు? నా మటుకు నేను పిల్లలకు రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవమంటా. ఆ రెండూ అర్థమైతే ఈ శాస్త్రంలో ముప్పావు వంతు అర్థమైనట్టే.

ఒకటి బకాసి. ఆఫ్రికాలో గల్ఫ్ ఆఫ్ గినీ ఒడ్డున చిత్తడి ద్వీపకల్పం. అక్కడుండే జనంలో ఎక్కువమంది నైజీరియా వాళ్లే. నైజీరియా అక్కడ బడులు కట్టింది, ఆసుపత్రులు పెట్టింది, పన్నులు వసూలు చేసింది. మన అడంగల్ భాషలో చెప్పాలంటే అనుభవదారు కాలమ్ నిండా నైజీరియా పేరే. కామెరూన్ చేతిలో ఉన్నది 1913లో బ్రిటన్, జర్మనీ చేసుకున్న ఒప్పందం. వలస పాలకులు గీసుకున్న గీత. అయినా 2002లో హేగ్ కోర్టు బకాసి కామెరూన్‌దే అని తేల్చింది. హక్కు కాగితం ఒకరి దగ్గర ఉన్నప్పుడు, ఆ కాగితం ఉన్నోడు వదులుకోనంతవరకు, అవతలోడు ఎన్ని బడులు కట్టినా ఆ పనులు హక్కుగా మారవు అన్నది. 2008 ఆగస్టుకల్లా నైజీరియా ఆ నేలను పూర్తిగా అప్పగించింది.

రెండోది పెడ్రా బ్రాంకా. సింగపూర్ జలసంధి వాకిట్లో ఒక రాతి దిబ్బ. మలేషియాలోని జోహోర్ సుల్తానులకు పాతకాలం నుంచి దాని మీద హక్కు ఉండేదని కోర్టే ఒప్పుకుంది. బ్రిటిష్ వాళ్లు దాని మీద దీపస్తంభం కట్టి 1851లో వెలిగించినారు. వంద ఏండ్లు గడిచినాక, 1953లో సింగపూర్ అధికారులు "ఈ రాయి హోదా ఏమి?" అని జోహోర్‌ను అడిగినారు. జోహోర్ ప్రభుత్వపు తాత్కాలిక కార్యదర్శి దాని మీద యాజమాన్యం తాము కోరడం లేదని జాబు రాసినాడు. ఆ తర్వాత సింగపూర్ అక్కడ తన జెండా ఎగరేసింది, చుట్టుపక్కల ఓడ ప్రమాదాలను విచారించింది, ఆఖరికి మలేషియా అధికారులు పోవాలన్నా అనుమతి తీసుకోమంది. మలేషియా నోరు మెదపలేదు. పైపెచ్చు 1962 నుంచి అచ్చేసిన తన పటాల్లోనే దాని పక్కన సింగపూర్ పేరు వేసింది. 2008లో కోర్టు 12 మంది ఒకవైపు, నలుగురు మరోవైపుగా రాయి సింగపూర్‌దని చెప్పింది.

ఇప్పుడు చూడు. రెండు చోట్లా అసలు హక్కు ఒకరిది, పనులు ఇంకొకరివి. ఒకచోట అసలు ఓనరు గెలిచినాడు, ఇంకోచోట ఓడినాడు. తేడా ఎన్నేండ్లు అన్న దాంట్లో లేదు. కామెరూన్ వదులుకోలేదు, జోహోర్ వదులుకుంది, మలేషియా మాట్లాడలేదు. నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. కాలం తనంతట తాను భూమిని ఎవరికీ రాసివ్వదు. మాట్లాడాల్సిన టైములో మాట్లాడనోడి మౌనం రాసిస్తుంది.

ఇక ఎవరి దగ్గరా గట్టి కాగితం లేనప్పుడు ఏం చేస్తారు? అప్పుడు పామాస్ దీవి తీర్పు తీయాల. ఈ పేరు రాయకుండా పరీక్షలో ఎవరూ బయటపడలేరు, కానీ ఎక్కువమంది దాని కథ చదవకుండా సూత్రం బట్టీ పడతారు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావోకు కిందివైపు సముద్రంలో చిన్న దీవి. స్పెయిన్ ఓడిపోయి 1898 పారిస్ సంధిలో ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు ఇచ్చేసింది. సంధిలో గీసిన గీతల్లోపలే ఈ దీవి ఉంది. 1906లో అమెరికా జనరల్ లెనార్డ్ వుడ్ మనదే కదా అని చూడబోతే అక్కడ నెదర్లాండ్స్ జెండా ఎగురుతా ఉంది! తగాదా స్విట్జర్లాండ్ న్యాయవేత్త మాక్స్ హ్యూబర్ ముందుకు పోయింది. 1928 ఏప్రిల్‌లో ఆయనొక్కడే కూర్చొని తీర్పు ఇచ్చినాడు.

అమెరికా వాదం: మొదట చూసింది స్పెయిన్, దీవి ఫిలిప్పీన్స్‌కే దగ్గర, స్పెయిన్ మాకు రాసిచ్చింది. హ్యూబర్ మూడింటినీ పక్కన పెట్టినాడు. కనుక్కోవడం వల్ల వచ్చేది అరకొర హక్కు; తగిన కాలంలో వచ్చి పాలించకపోతే అది నిలవదు. దగ్గరలో ఉందని దీవి సొంతం కాదు. స్పెయిన్ తన దగ్గర లేనిదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. నెదర్లాండ్స్ చూపించినవి మాత్రం పెద్ద పెద్ద పత్రాలు కావు: 1677 నుంచి సంగి దీవుల రాజులతో డచ్ కంపెనీ చేసుకున్న కరారులు, అక్కడివాళ్ల నుంచి తీసుకున్న పన్ను, పంచిన జెండాలు, 1904 తుపాను తర్వాత అందించిన సాయం. ఎదురు లేకుండా, తెంపు లేకుండా ప్రభుత్వం చేసే పనులు చేసుకుంటూ వచ్చినాడు చూడు, వాడిదే దీవి అన్నాడు. ఆ దీవి ఇప్పుడు ఇండోనేషియాలో మియాంగస్ పేరుతో ఉంది.

తన దగ్గర లేనిది ఇవ్వలేడు అనే సూత్రం మన సీమ పిల్లలకు కొత్త కాకూడదు. 1792, 1799 పంపకాల్లో టిప్పు సుల్తాను నుంచి దక్కిన మన జిల్లాలను నిజాం 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాడు, సైన్యం ఖర్చు కింద. ఇంకో రాజు సంధి రాసి ఇవ్వడం ద్వారా భూమి చేతులు మారడమంటే ఇదే. దత్త మండలాలు అనే పేరు అందుకే. కానీ కర్నూలు విషయంలో కంపెనీకి ముట్టింది నవాబు ఏటా కట్టే పేష్కషు (కప్పం). కోటలో నవాబు 1839 దాకా ఉండనే ఉన్నాడు, అప్పుడు బలగంతో వచ్చి దించేసినారు. పక్కనే బనగానపల్లె సంస్థానం చుట్టూ బ్రిటిష్ జిల్లా పెట్టుకొని 1948 దాకా విడిగానే మిగిలింది. ఒకే సీమలో మూడు రకాల హక్కులు. ఇంకొక ముచ్చట: హ్యూబర్ తీర్పు వచ్చిన 1928లోనే, నవంబరులో, నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు 'ఇచ్చేసిన జిల్లాలు' అనే పేరు మనకెందుకని 'రాయలసీమ' అన్నారు.

1839లో నవాబును దించినట్టు ఈనాడు ఎవరైనా చేస్తే చెల్లుతుందా అంటే చెల్లదు. మరి అప్పటిది ఎట్లా చెల్లింది? దీనికీ హ్యూబరే దారి చూపించినాడు: ఒక పని జరిగిన కాలంలో ఉన్న న్యాయంతోనే ఆ పనిని తూచాల. అయితే హక్కు పుట్టడం ఒకటి, నిలవడం ఇంకొకటి. నిలవాలంటే తర్వాత మారిన న్యాయానికి తగ్గట్టు నడుచుకుంటూ రావాల అని కూడా అన్నాడు. చెరువు కింద హక్కు తాతలనాటిదే కావచ్చు, ఏటా నీరు కట్టుకోకుండా బీడు పెట్టి ఊరు విడిచిపోతే ఆ హక్కు ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించు.

దీవిలో మనుషులే లేకపోతే? అప్పుడు అంత పాలన చూపించనక్కరలేదు. పసిఫిక్‌లో క్లిప్పర్టన్ అనే దీవి మీద 1858లో ఫ్రాన్స్ నౌకాధికారి ఒకరు ఓడ మీద నుంచే ప్రకటన చదివి, హోనొలులు పత్రికలో అచ్చేయించినాడు. మెక్సికోతో తగాదాలో 1931లో ఇటలీ రాజు అదే చాలన్నాడు. సిపడాన్, లిగిటాన్ దీవుల కేసులో (ఇండోనేషియా, మలేషియా మధ్య, 2002) మలేషియాకు గెలుపు తెచ్చినవి తాబేలు గుడ్ల ఏరివేత మీద పెట్టిన నియమాలు, పక్షుల రక్షణ ఉత్తర్వు, దీపస్తంభాలు. తాబేలు గుడ్లు! క్లాసులో ఈ మాట చెప్తే పిల్లలు నవ్వుతారు. కానీ ఒక ప్రభుత్వం గుడ్లు ఎవరు ఏరాలో ఎవరు ఏరకూడదో చెప్పిందంటే అక్కడ అది పాలిస్తున్నట్టే కదా. ఇంకొకటి, తగాదా 1969లో బయటపడింది కాబట్టి ఆ తర్వాత బలం పెంచుకోవడానికి చేసిన పనులు లెక్కకు రాలేదు. దావా వేసినాక రాత్రికి రాత్రి కడీలు పాతి కంచె లాగినోణ్ణి మన కోర్టులు ఎట్లా చూస్తాయో అట్లనే.

ఇప్పుడు గుత్త సంగతికి వస్తా. బోట్స్వానా, నమీబియా నడుమ చోబే నదిలో కసికిలి అనే దీవి ఉంది. బోట్స్వానా వాళ్లు సెడుడు అంటారు. నమీబియా వైపు నుంచి మసుబియా అనే జనం ఏండ్ల తరబడి వచ్చి అక్కడ సేద్యం చేసుకుని పోయేవాళ్లు. ఇన్నేండ్ల అనుభవం కాబట్టి మాదే అని నమీబియా వాదించింది. 1999లో కోర్టు ఒప్పుకోలేదు. సేద్యం చేసినవాళ్లు తమ పొట్టకోసం చేసినారు గాని రాజ్యం తరఫున చేయలేదు అన్నది. నా కక్షిదారు లాగానే. ఎన్నేండ్లు దున్నినావని కాదు, ఏ హోదాలో దున్నినావు అన్నది ప్రశ్న.

ఇదే మెలిక మన దేశం కేసులోనూ వచ్చింది. దాద్రా, నగర్ హవేలీ పోర్చుగీసు వాళ్ల చేతికి ఎట్లా పోయినాయి? మరాఠాలు 1783, 1785లో ఇచ్చిన ఉత్తర్వుల వల్ల. 1954లో అక్కడ పోర్చుగల్ పాలన కూలింది, డామన్ నుంచి అక్కడికి పోవడానికి మనం దారి ఇవ్వలేదని పోర్చుగల్ హేగ్‌కు పోయింది. 1960 తీర్పులో కోర్టు ఆ మరాఠా ఉత్తర్వులు ఇచ్చింది జాగీరు మాత్రమే, శిస్తు వసూలు హక్కే గాని రాజ్యం కాదు అని చెప్పింది. జాగీరు, ఇనాము తేడాలు తాతల నోట విన్న సీమవాళ్లకు ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. అయితే అక్కడితో మనం గెలవలేదు సుమా. తర్వాత బ్రిటిష్ వాళ్లు పోర్చుగీసు సార్వభౌమత్వాన్ని లోలోపల ఒప్పుకున్నారు కాబట్టి హక్కు అట్లా కుదిరింది అని కోర్టు అన్నది. మళ్లా మౌనమే! దారి మాత్రం మామూలు జనానికి, సివిల్ అధికారులకు, సరుకులకే గాని సైన్యానికి, ఆయుధాలకు లేదని, 1954లో మనం ఆపింది తప్పు కాదని తేల్చినారు.

పటాల గురించి ఒక మాట. సర్వేయరు చైను లాగినప్పుడు పక్కన నిలబడి పంచనామా మీద సంతకం పెట్టి, ఇరవై ఏండ్ల తర్వాత "ఆయన తప్పు కొలిచినాడు" అనే కక్షిదార్లు నాకు చాలామంది తగిలినారు. థాయ్‌లాండ్ అదే చేసింది. ప్రీ విహార్ గుడి కాంబోడియా హద్దులో కొండ అంచున ఉంది. 1904 ఒప్పందం ప్రకారం నీళ్లు ఎటు పారితే అటు హద్దు. ఫ్రెంచి అధికారులు గీసిన 1907 పటంలో గుడి కాంబోడియా వైపు పడింది. సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) వాళ్లు ఆ పటం తీసుకొని ధన్యవాదాలు చెప్పి, తమ రాష్ట్రాల గవర్నర్ల కోసమని ఇంకో 15 ప్రతులు అడిగినారు. 1930లో సయాం రాజకుమారుడు డామ్రోంగ్ గుడి చూడబోతే ఫ్రెంచి అధికారి యూనిఫాం వేసుకొని, తన జెండా ఎగరేసి స్వాగతం చెప్పినాడు. ఆయన ఏమీ అనలేదు, తిరిగొచ్చినాక ఫొటోలు కూడా పంపినాడు. 1962లో కోర్టు తొమ్మిది మంది, ముగ్గురుగా చీలి గుడి కాంబోడియాదని చెప్పింది. నీళ్లు నిజంగా ఎటు పారుతున్నాయన్న వాదనలోకి పోనక్కరలేదు, ఆ పటాన్ని మీరు ఒప్పుకున్నారు పో అన్నది.

బలంతో పట్టుకుంటే సంగతి వేరు. 1928 ఆగస్టులో కెల్లాగ్–బ్రియాండ్ ఒప్పందం యుద్ధాన్ని రాజనీతిగా వాడకూడదన్నది, 1945 ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణం నాలుగో క్లాజు బలప్రయోగాన్నే నిషేధించింది. ఆ తర్వాత గెలిచి పట్టుకున్న నేలకు గడియారమే మొదలు కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను కలుపుకున్నానంటే, భద్రతామండలి 662వ తీర్మానంలో అది చెల్లదని చెప్పేసింది. అయితే పటంలో చెల్లకపోవడం, నేల మీద ఖాళీ చేయించడం రెండూ ఒకటి కావు. మనకైతే డిక్రీ వస్తే అమీనా వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. హేగ్‌కు అమీనా లేడు. అసలు రెండు దేశాలూ ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటేనే అక్కడ కేసు నడుస్తుంది.

కాబట్టి నువ్వు పేరు చెప్పకుండా అడిగిన అక్సాయ్ చిన్ సంగతికి జవాబు: అక్కడ చైనా రోడ్డు వేసి ఎన్నేండ్లయినా, మనం ఊరుకోకుండా ఆక్షేపణ చెప్తూ వస్తున్నంతకాలం మౌనం మన మీదకు రాదు. 1962 నవంబరు 14 నాటి పార్లమెంటు తీర్మానం, ఏటేటా విదేశాంగ శాఖ ఇచ్చే ప్రకటనలు, తప్పు పటాలు అచ్చేస్తే పెట్టే గొడవలు అన్నీ అందుకే. పేపర్లో చదివి "మళ్లా అదే మాట" అని విసుక్కుంటాం గాని, ఆ అదే మాట చెప్పకపోవడమే మలేషియా చేసిన తప్పు. 1963లో పాకిస్తాన్ షక్స్‌గాం లోయను చైనాకు ఇచ్చిందని మనం ఒప్పుకోకపోవడానికి కారణం కూడా పామాస్ సూత్రమే: తన దగ్గర లేనిది ఎవరూ ఇవ్వలేరు.

మన ప్రభుత్వం భూమి ఇవ్వాలంటే ఇంట్లో ఇంకో తాళం ఉంది. పాకిస్తాన్‌కు కొంత ఇస్తామన్న పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారి విషయంలో 1960లో సుప్రీంకోర్టు రాజ్యాంగ సవరణ లేకుండా దేశపు నేలను ఇంకొకరికి ఇవ్వడానికి లేదని చెప్పింది. అందుకే బంగ్లాదేశ్‌తో ఎన్‌క్లేవుల (ఒక దేశం నడుమ చిక్కుకున్న ఇంకో దేశపు నేల ముక్కల) మార్పిడికి 1974లో ఒప్పందం కుదిరినా, వందో సవరణ జరిగినాకే, 2015 జులై 31 అర్ధరాత్రి మన 111 అటు, వాళ్ల 51 ఇటు మారినాయి. శ్రీలంకకు పోయిన కచ్చతీవు దీవి విషయంలో మాత్రం 1974లో సవరణ చేయలేదు. అది వివాదంలో ఉన్న నేల, ఇచ్చింది కాదు, హద్దు తేల్చుకున్నది మాత్రమే అన్నది కేంద్రం వాదం. రామనాథపురం జమీందారీ లెక్కల్లో ఆ దీవి ఉండేది కాబట్టి తమిళనాడు ఈ వాదం ఒప్పుకోదు. జమీందారీ హక్కు రాజ్యహక్కు అవుతుందా అన్న పాత చిక్కు ఇక్కడా ఉంది.

ఓబుళాపురం దగ్గర ఆంధ్ర, కర్ణాటక హద్దుకు వీటిలో ఏదీ వర్తించదు నాయనా. రాష్ట్రాలకు ఆ అర్థంలో సార్వభౌమత్వం లేదు. మన రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు హద్దులు మార్చగలదు, రాష్ట్రాల తగాదా 131వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు పోతుంది. అక్కడ గనులు తవ్వేసరికి హద్దు గుర్తులు చెదిరి సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు వచ్చి కొలవాల్సి వచ్చింది. పరీక్షలో ఆ ఉదాహరణ ఈ జవాబులో రాయొద్దు, మార్కులు పోతాయి.